మొలతాడులో మిగిలిన మందు: చర్మం గుండా పురుగుమందు ఎక్కిన ఒక కేసు

పత్తికి మందు కొట్టి వచ్చి పడిపోయిన రైతుని తీసుకొస్తే మా వైపు డాక్టర్లం మొదట అడిగేది "ఏం మందు?" అని. ఈ కేసు తర్వాత నేను ఇంకో మూడు ప్రశ్నలు కలిపాను. అందులో ఇంకేం కలిపారు? ఒంటి మీద ఎక్కడ కారింది? ఇంటికొచ్చాక ఒంటికి ఏం రాశారు? మూడో ప్రశ్న నాకు చదువులో ఎవరూ నేర్పలేదు. ఈ రోగి భార్య నేర్పింది.

నేను పనిచేసేది రాయగడ జిల్లాలో, గుణుపురం వైపు, వంశధారకి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో. మా ఓపీలో ఒడియా, తెలుగు, సవర మూడూ వినిపిస్తాయి. చుట్టుపక్కల కొండ వాలుల్లో, కింద మడుల్లో పత్తి బాగా పెరిగింది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మందు కొట్టే రోజులు. ఆ రోజుల్లో మా అత్యవసర గదిలో ఈ పురుగుమందుల విషానికి విరుగుడైన అట్రోపిన్ పెట్టెలు ఎప్పుడూ చేతికందేచోట ఉంటాయి. రోగి, ఆయన భార్య ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు, ఊరు రాయను.

వచ్చిన రోజు

ఆయనకి 42 ఏళ్లు. రెండెకరాలు కౌలుకి తీసుకుని పత్తి వేశాడు. సెప్టెంబరు చివరి వారం. తెల్లవారుజామున 5 గంటలకి ఆటోలో తెచ్చారు. వస్తూనే భార్య చెప్పిన మొదటి మాట ఇది: "తాగలేదు బాబూ. ఒట్టేసి చెప్తన్నాను, తాగలేదు."

మనిషి చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. నోటి నుంచి చొంగ, ముక్కు నుంచి నీరు కారుతున్నాయి. నాడి 54. బీపీ 100/60. వేలికి పెట్టిన మీటరులో ఆక్సిజన్ 88 శాతం. కంటిపాపలు గుండుసూది మొనంత. ఊపిరితిత్తులు రెండు పక్కలా గురగురలాడుతున్నాయి. పిక్కల్లో, వీపు మీద, చర్మం కింద కండరాలు పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. ఇంత స్పష్టంగా కనిపించాక రోగ నిర్ధారణకి రక్తపరీక్ష కోసం ఆగక్కర్లేదు. ఆర్గానోఫాస్ఫేట్ విషం. ఈ మందులు అసిటైల్‌కోలినెస్టెరేజ్ అనే ఎంజైమ్‌ని పట్టేస్తాయి. ఆ ఎంజైమ్ పని ఆగితే నరాల చివర్లలో అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. ఒంట్లో నీళ్లు ఊరే చోటల్లా ఊరుతూనే ఉంటాయి. చివరికి మనిషి తన ఊపిరితిత్తుల్లో ఊరిన నీటిలోనే మునిగిపోతాడు.

అంతకు ముందు రాత్రి ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి, వడదెబ్బ అనుకుని సెలైన్ పెట్టి వెళ్లాడట. తలనొప్పి, వాంతులు, చెమటలు మాత్రమే ఉన్న తొలి గంటల్లో అలా అనుకోవడంలో పెద్ద ఆశ్చర్యం లేదు. మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్న మనిషి మరి.

అట్రోపిన్ 1.8 మి.గ్రా. ఇచ్చాం. అయిదు నిమిషాలకోసారి చూసి, ఛాతీ తేటపడకపోతే మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోవడమే పద్ధతి. 1.8, తర్వాత 3.6, తర్వాత 7.2. మూడో మోతాదుకి ఛాతీ తేటపడింది, నాడి 90 దాటింది, చంకలు ఆరాయి. ఇచ్చిన మొత్తంలో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా గంటగంటకీ డ్రిప్‌లో పోవాలి. గంటకి 1.5 మి.గ్రా. పెట్టాం. ప్రాలిడాక్సిమ్ అనే ఇంకో విరుగుడు కూడా మొదలుపెట్టాం, పెద్ద ఆశ లేకుండానే. 2006లో మహారాష్ట్రలోని బారామతి నుంచి వచ్చిన అధ్యయనంలో ఎక్కువ మోతాదు మేలు చేసింది. 2009లో శ్రీలంక నుంచి వచ్చిన దానిలో మేలు కనిపించలేదు. పైగా ఈయన కొట్టిన ప్రొఫెనోఫాస్ రసాయన రీత్యా ఈ విరుగుడుకి సరిగా లొంగని జాతి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. భార్య అంత గట్టిగా చెబుతున్నా నేను పూర్తిగా నమ్మలేదు. ఇంత తీవ్రత చర్మం గుండా వస్తుందా అని లోపల అనుమానం. ముక్కులోంచి గొట్టం వేయించాను. వచ్చింది కాస్త పచ్చనీరు. మందు వాసన లేదు. ఆ అనుమానం వల్ల రెండు నష్టాలు జరిగాయి. కడుపు మీద పెట్టిన ధ్యాస చర్మం మీద పెట్టలేదు. ఆ ఇల్లాలిని మా సిబ్బంది నలుగురు నాలుగుసార్లు "నిజం చెప్పమ్మా, ఇంట్లో గొడవేమైనా జరిగిందా?" అని అడిగారు. నాలుగోసారి ఆవిడ సమాధానం చెప్పలేదు, గోడకి ఆనుకుని ఏడ్చింది.

కడిగించమని వార్డుబాయ్‌కి చెప్పాను. చొక్కా, లుంగీ తీసేశారు. సబ్బుతో తుడిచారు. "చర్మం శుభ్రం చేయడమైనది" అని కేసుషీటులో నా చేత్తో నేనే రాశాను. ఎలా చేశారో నిలబడి చూడలేదు.

ఆయన పొలంలో, ఆవిడ ఇంట్లో

పది గంటలకి ఆయన తమ్ముడు సీసాలు తెచ్చాడు. ఒకటి ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెథ్రిన్ 4 శాతం కలిసిన ఈసీ, అంటే నీళ్లలో కలిపి కొట్టే చిక్కటి మందు. రెండోది షాపువాళ్లు "జిగురు" అని ఇచ్చే స్టిక్కరు, మందు ఆకు మీద పరుచుకుని అంటుకోవడానికి. షాపులో ట్యాంకుకి రెండు మూతలు అన్నారు, పురుగు ఎక్కువగా ఉందని ఈయన మూడు పోశాడు. పదహారు లీటర్ల బ్యాటరీ పంపు. దాని మూతకి వాషరు పోయి నెలయింది. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా పన్నెండు ట్యాంకులు. వంగిన ప్రతిసారీ మూత సందులోంచి కారి వీపు తడిసింది. మందు కొలిచేటప్పుడు సీసాని నడుముకి ఆనించి వంచేవాడట, చేతులు ఖాళీ లేక. అలా రెండుసార్లు నీళ్లు కలపని చిక్కటి మందే నడుము మీద ఒలికింది.

ఒంటి గంటకి తడిచొక్కాతోనే గట్టు మీద అన్నం తిన్నాడు. ఇంటికొచ్చి కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. ఒళ్లు కాస్త వెచ్చగా ఉందని స్నానం చేయలేదు. సాయంత్రానికి వీపు, నడుము పట్టేసినట్టు నొప్పి. తర్వాతది ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"పంపు బరువుకి నొప్పెట్టిందనుకున్నాను బాబూ. ఇంట్లో నొప్పుల జెల్లుంటే వీపంతా రాసి, ఉప్పు మూటతో కాపడం పెట్టాను. తువ్వాలు చుట్టి పడుకోబెట్టాను. గంటకి ఒళ్లంతా చెమట్లు."

ఆ ట్యూబు కూడా తెప్పించాను. మన దేశంలో ఏ మందుల షాపులోనైనా దొరికే మామూలు జెల్లే. డైక్లోఫెనాక్ డైఇథైల్‌అమైన్ 1.16 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం, అవిసె నూనె 3 శాతం. నేనూ రోజూ రాసే మందు. దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు అంత శ్రద్ధగా చదవడం నాకు అదే మొదటిసారి.

ఆ జెల్లు పనిచేసే తీరు, ఆ మందు ఎక్కిన తీరు ఒకటే

చర్మం పైపొర, అంటే స్ట్రాటమ్ కార్నియమ్, చచ్చిన కణాల పొర. మందం 10 నుంచి 20 మైక్రాన్లు. తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా, బయటి విషం లోపలికి రాకుండా కాపలా కాసేది చాలావరకు ఇదొక్కటే. పుస్తకాల్లో దీన్ని ఇటుకల గోడ అంటారు. చదునైన కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సున్నం. నాకు మాత్రం తాటాకు కప్పు గుర్తొస్తుంది. ఆకు మీద ఆకు పదిహేను ఇరవై వరసలు, వాటి సందుల్లో సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన కొవ్వు పొరలు పొరలుగా. బయట నుంచి వచ్చే అణువు ఆకుల్ని చీల్చుకుని రాదు. ఆకుల సందుల్లో, వంకరటింకరగా, ఆ కొవ్వులోంచే దారి చేసుకుని రావాలి.

అందుకే నీటిలో మాత్రమే కరిగేవి సులభంగా రాలేవు. బాగా పెద్ద అణువులూ రాలేవు. అణువు బరువు 500 డాల్టన్లు దాటితే చర్మం గుండా పోవడం కష్టమని 2000లో బోస్, మైనార్డి అనే ఇద్దరు చెప్పిన లెక్కని మేం ఇప్పటికీ వాడతాం. ప్రొఫెనోఫాస్ బరువు దాదాపు 374. నూనెని ఇష్టపడే అణువు. చర్మాన్ని దాటడానికి కావలసిన రెండు అర్హతలూ దానికి పుట్టుకతోనే ఉన్నాయి.

అయినా ఆ కొవ్వు పొరలు గట్టిగా, బిర్రుగా అమరి ఉంటే ఏ అణువూ తొందరగా నడవదు. ఆ అమరికని సడలించేవే పెనెట్రేషన్ ఎన్‌హాన్సర్లు, అంటే చొచ్చుకుపోవడానికి సాయపడే రసాయనాలు. కొబ్బరి ఈనెల చీపురు కట్టని ఊహించుకోండి. ఈనెలన్నీ తిన్నగా ఉంటే కట్ట బిగుసుకుంటుంది, సందు ఉండదు. చర్మంలోని కొవ్వు ఆమ్లాల తోకలు ఎక్కువ భాగం అలా తిన్నగానే ఉంటాయి. ఆ కట్టలోకి నాలుగు వంకర పుల్లలు దూర్చండి. ఎంత బిగించి కట్టినా సందులు పడతాయి. ఓలియిక్ ఆమ్లం చేసేది అదే. దాని తోక మధ్యలో, తొమ్మిదో కర్బనం దగ్గర, ఒక ద్విబంధం వల్ల వంపు ఉంటుంది. అవిసె నూనెలో ఎక్కువగా ఉండే లినోలెనిక్ ఆమ్లంలో అలాంటి ద్విబంధాలు మూడు. జెల్లులో అవిసె నూనె ఎందుకుందో నాకు అప్పుడు కళ్లకి కట్టినట్టయింది.

మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం జాతివి టెర్పీన్లు. చల్లగా హాయిగా అనిపించే ఈ అణువులు కూడా ఆ కొవ్వులోకి దూరి దాని అమరికని కలతపెడతాయి. ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి ఇంకో రకంగా సాయం చేస్తాయి. అవి చర్మంలోకి చేరి, వెనక వచ్చే మందు అక్కడ బాగా కరిగేలా చోటు సిద్ధం చేస్తాయి. డీఎంఎస్‌ఓ అని ఒక ద్రావకం ఉంది. 1960లలో అమెరికాలో స్టాన్లీ జేకబ్ అనే వైద్యుడు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అది చేతి మీద రాసుకున్న కాసేపటికే నోట్లో వెల్లుల్లి రుచి తెలుస్తుంది. అంత వేగంగా దాటుతుంది. యూరియా, సాలిసిలిక్ ఆమ్లం, సబ్బు జాతి పదార్థాలు కొవ్వుతో పాటు కణాల్లోని కెరటిన్ మీద కూడా పనిచేస్తాయి. బ్రయాన్ బ్యారీ అనే శాస్త్రవేత్త 1991లో ఈ దారులన్నిటినీ మూడుగా కుదించి చెప్పాడు. కొవ్వుని కలత పెట్టడం, కెరటిన్‌ని వదులు చేయడం, మందు చర్మంలోకి ఇష్టంగా చేరేలా చేయడం. చాలా ఎన్‌హాన్సర్లు వీటిలో ఒకటికి మించి చేస్తాయి.

ఇప్పుడు ఈసీ సీసా చూడండి. అందులో మందు 44 శాతం. మిగతా సగానికి పైగా ఉన్నది ద్రావకం, ఎమల్సిఫయర్. నూనెలాంటి మందు నీటిలో కలవాలంటే ముందు జైలీన్ జాతి ద్రావకంలో కరగాలి, ఆ తర్వాత నీళ్లలో పాలలాగా విడిపోవడానికి సబ్బులాంటి పదార్థం కావాలి. జైలీన్ కొవ్వుని కరిగించి లాగేస్తుంది. సబ్బులాంటివి కొవ్వు అమరికని వదులు చేస్తాయి. జిగురు మందులో ఉన్నదీ చాలావరకు అదే జాతి. ఆకు మీది మైనం పొరని దాటడానికి మనిషి పెట్టుకున్న సరంజామా మొత్తం మనిషి వీపు మీది కొవ్వు పొర మీద కూడా పనిచేస్తుంది. వాటికి ఆకుకీ వీపుకీ తేడా తెలియదు.

నీళ్లు కలిపాక పల్చబడింది కదా అని రైతులు ధీమాగా ఉంటారు. గంటలో నీళ్లు ఆవిరైపోతాయి. నూనె, ద్రావకం, మందు చొక్కాలోనే మిగులుతాయి, మళ్లీ మళ్లీ కారినకొద్దీ చిక్కబడతాయి. తడి చొక్కా ఒంటికి అంటుకుని ఉంటే చర్మం కింద చెమట ఆరదు. నానిన చర్మం ఇంకా వదులవుతుంది. మేం చర్మవ్యాధులకి ఆయింట్‌మెంటు రాసి పైన ప్లాస్టిక్ చుట్టమని చెప్పేది సరిగ్గా ఈ ఫలితం కోసమే.

ఒంట్లో అన్ని చోట్లా చర్మం ఒకటి కాదు. 1971లో మైబాక్, ఫెల్డ్‌మన్, వారి సహచరులు మనుషుల మీద పారాథియాన్‌తో చేసిన అధ్యయనంలో ముంజేతి మీద పెట్టినదాంట్లో 8.6 శాతం ఒంట్లోకి చేరింది. తల మీద పెట్టింది 32 శాతం, చంకలో 64 శాతం చేరాయి. వృషణాల చర్మం మీద పెట్టినది దాదాపు మొత్తం చేరింది. ఈ అంకెలు నేను చదువుకునే రోజుల్లోనే చదివాను, పరీక్షలో రాశాను కూడా. ఈ మనిషి నడుము మీదుగా ఆ చెమట ఎక్కడికి కారి ఉంటుందో మాత్రం ఆ ఉదయం నాకు తట్టలేదు.

అలా మందు నిండిన వీపు మీద, సాయంత్రం ఆ ఇల్లాలు ప్రేమతో అవిసె నూనె, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్న జెల్లు రుద్దింది. పైన వేడి పెట్టింది. వేడికి కొవ్వు ఇంకా పల్చబడుతుంది, చర్మం కింద రక్తనాళాలు వెడల్పవుతాయి, చేరిన మందుని వెంటవెంటనే తీసుకుపోతాయి. తువ్వాలుతో కప్పింది. చర్మం గుండా మందు పంపే ప్రయోగశాలలో చేసేవన్నీ ఒక్క గంటలో జరిగిపోయాయి. చెమటలు అక్కడి నుంచే మొదలయ్యాయి. జెల్లు లేకపోయినా ఈయన జబ్బు పడేవాడే, అందులో సందేహం లేదు. ఇంత తొందరగా, ఇంత తీవ్రంగా కావడంలో జెల్లుకీ కాపడానికీ వాటా ఉందని నా అంచనా.

రెండో రాత్రి

మొదటి రోజు సాయంత్రానికి బాగున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం మాట్లాడాడు, గంజి తాగాడు. డ్రిప్ గంటకి 0.6కి తగ్గించాను. ఇక గట్టెక్కాడని ఇంటికి వెళ్లి పడుకున్నాను.

రాత్రి రెండింటికి డ్యూటీ సిస్టరు ఫోన్ చేసింది. "సార్, మళ్లీ చొంగ మొదలైంది. నాడి 58."

వెళ్లేసరికి ఛాతీ మళ్లీ గురగుర. కంటిపాపలు మళ్లీ చిన్నవి. అట్రోపిన్ మళ్లీ మొదటి నుంచి. అరగంటకి కుదుటపడ్డాడు గానీ, ఎందుకు తిరగబెట్టిందో తేలాలి. డ్రిప్ తొందరపడి తగ్గించానా? అది ఒక కారణం కావచ్చు. ప్రొఫెనోఫాస్ కొవ్వులో నిల్వ ఉండి మెల్లగా రక్తంలోకి వస్తుంది, అదీ నిజమే. చర్మం కూడా ఒక గిడ్డంగే. 1963లో వికర్స్ అనే వైద్యుడు స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు రాసి ప్లాస్టిక్ చుట్టి, తీసేసి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ చుట్టినప్పుడు, కొత్తగా మందు రాయకుండానే దాని ప్రభావం మళ్లీ కనిపించిందని చూపించాడు. పైపొరలో దాక్కున్న మందు అది. కాబట్టి ఈ వీపు నుంచి కూడా ఇంకా దిగుతూ ఉండొచ్చు.

నేను ఇవన్నీ ఆలోచిస్తుంటే సిస్టరు దుప్పటి మార్చడానికి ఆయన్ని పక్కకి తిప్పింది. తిప్పి ఆగింది. "సార్, వాసన ఇక్కడి నుంచి వస్తోంది."

మొలతాడు. నలుపు, ఎరుపు కలిసిన నూలు తాడు, నాలుగు పేటలు. దానికి గుడ్డలో కుట్టిన తాయెత్తు. పట్టుకుంటే జిడ్డుగా ఉంది. వాసన చూడక్కర్లేదు, దగ్గరికి వంగితేనే కుళ్లిన ఉల్లిపాయలాంటి ఘాటు. దాని కింద నడుము చుట్టూ చర్మం ఎర్రగా కంది ఉంది. సీసా నడుముకి ఆనించి వంచినప్పుడు ఒలికిన చిక్కటి మందుని ఆ నూలు పీల్చుకుంది. 60 గంటలకి పైగా చెమట తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం వదులుతూ ఉంది.

వార్డుబాయ్‌ని నేను తప్పుపట్టను. మన వైపు బతికున్న మగవాడి మొలతాడు ఎవరూ తెంపరు. పోయినవాడికే తీస్తారు. ఆ రోజు తెల్లవారుజామున, బతుకుతాడో లేదో తెలియని మనిషి నడుము మీద కత్తెర పెట్టడానికి అతని చేయి రాలేదు. తాడు వదిలేసి చుట్టూ తుడిచాడు. ఆ మాట నాకు చెప్పాలని అతనికి తోచలేదు, అడగాలని నాకు తోచలేదు.

భార్యని లేపి చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. కాసేపటికి, "కొత్తది కట్టినాక పాతది తీయండి బాబూ, నడుం బోసిగా ఉంచకండి" అంది. ఆ వేళప్పుడు తాడు ఎక్కడ దొరుకుతుంది? సిస్టరు గాజుగుడ్డ పట్టీ ఒకటి చించి, పేని, ఆవిడ చేతికిచ్చింది. ఆవిడే కట్టింది, మూడు ముళ్లు వేసి. అప్పుడు పాతది కత్తిరించి, తాయెత్తుతో సహా రెండు ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి కట్టాం. మొదటి రోజు తీసిన చొక్కా, లుంగీ ఎక్కడున్నాయని అడిగితే మంచం కింద మూటలో ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్లి ఉతుకుదామని దాచుకుంది. అదీ తీయించాం.

ఈసారి నేను నిలబడి కడిగించాను. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు, చాలా నీళ్లు. రుద్దకూడదు. గట్టిగా రుద్దినా, సబ్బు నురగ ఎక్కువసేపు ఒంటి మీద ఉంచినా, కడిగే పనే మందుని ఇంకా లోపలికి పంపుతుంది. సబ్బు కూడా ఒక ఎన్‌హాన్సరే కాబట్టి. నురగ పెట్టిన వెంటనే ధారగా నీళ్లు పోసి దించేయాలి. తల, చెవుల వెనక, బొడ్డు, గజ్జలు, గోళ్ల కింద. వేడినీళ్లు వద్దు. స్పిరిట్ వద్దు. మా సిబ్బంది నైట్రైల్ గ్లోవ్స్ వేసుకున్నారు. పల్చటి రబ్బరు గ్లోవ్స్ ద్రావకాల ముందు ఆగవు. మొదటి రోజు అవి వేసుకుని తుడిచిన వార్డుబాయ్‌కి సాయంత్రం దాకా తలనొప్పి అని అప్పుడు బయటపడింది.

తెల్లారేసరికి అట్రోపిన్ అవసరం తగ్గడం మొదలైంది. ఆ తర్వాత మళ్లీ తిరగబెట్టలేదు.

మూడో రోజు ఇంకో భయం. తలగడ మీది నుంచి తల ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే ముందురోజు ఇరవై దాటినవాడు పదకొండు దగ్గర ఆగాడు. దీన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. 1987లో శ్రీలంకకి చెందిన సేనానాయకే, కరల్లియెద్దె వర్ణించారు. చొంగ, చెమటలు తగ్గి అంతా బాగుందనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, భుజాలు, ఊపిరి తీసే కండరాలు నీరసపడతాయి. అట్రోపిన్ దీనికి పనిచేయదు, అవసరమైతే వెంటిలేటరే దిక్కు. మా దగ్గర లేదు. ఊపిరి గొట్టం, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగు, ఒక నర్సుని తోడిచ్చి బరంపురం పంపాం. అక్కడ నాలుగు రోజులు కనిపెట్టి చూశారు. వెంటిలేటరు దాకా పోలేదు. పదో రోజున ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత మేం మార్చుకున్నవి

మా కేసుషీటులో "శుభ్రం చేయడమైనది" అన్న వాక్యం తీసేశాను. దాని చోట ఒళ్లు ముందూ వెనకా గీసిన బొమ్మ పెట్టాం. కడిగినవాళ్లు ఆ బొమ్మ మీద టిక్కు పెట్టాలి. మొలతాడు, తాయెత్తు, మెడలో దారం, ఉంగరం, నల్లపూసలు అన్నీ అందులో ఉన్నాయి. అత్యవసర గది సొరుగులో కొత్త మొలతాళ్లు అర డజను పెట్టాం. ముందు కొత్తది కట్టి తర్వాత పాతది తీస్తామంటే ఇప్పటిదాకా ఒక్కరు కూడా కాదనలేదు.

విషం ఎలా ఎక్కిందో రాసేచోట ఆధారం లేకుండా "తాగినట్టు అనుమానం" అని రాయడం ఆపేశాం. ఆ రెండు మాటల వల్ల పోలీసు కాగితాల్లో, ఊళ్లో నోళ్లలో ఒక ఇంటి పరువు ఏమవుతుందో మా అందరికీ తెలుసు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వాళ్లు తాగినవాళ్లు కాదు. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో తాత్కాలికంగా ఆపేసిన అయిదు మందుల్లో ఈ ప్రొఫెనోఫాస్, సైపర్‌మెథ్రిన్ మిశ్రమం ఒకటి. అది తెలిసీ నేను ఆవిడని అనుమానించాను. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

ఊళ్లకి వెళ్లినప్పుడు చెప్పే మాటలు కూడా మారాయి. మాస్కు కట్టుకోండి, గాలికి ఎదురుగా కొట్టకండి అని మాత్రమే చెప్పేవాళ్లం. ఇప్పుడు పంపు మూత వాషరు చూపించమంటున్నాం. సీసా నేల మీద పెట్టి కొలవమంటున్నాం. వీపు తడిస్తే ఆ ట్యాంకు అక్కడే దించి, గట్టు మీదే బోరు నీళ్లతో కడుక్కుని చొక్కా మార్చుకోమంటున్నాం, సాయంత్రం దాకా ఆగకుండా. జిడ్డు వదలడానికి కిరోసిన్‌తో తుడుచుకునే అలవాటు కొందరికి ఉంది. అది చర్మంలో మిగిలిన కాస్త కొవ్వునీ కరిగించేస్తుంది. మందు కొట్టే ముందు ఒంటికి నూనె రాసుకుంటే అంటదని నమ్మేవాళ్లూ ఉన్నారు. నూనెలో కరిగే మందుకి నూనె అడ్డు కాదు, దారి. ఆ రాత్రి నొప్పులకి బామ్, జెల్లు, కాపడం ఏవీ వద్దు. మందు కొట్టిన రోజు వచ్చే ఒళ్లు నొప్పి పంపు బరువు వల్ల కాకపోవచ్చు.

మూడో వారంలో ఆయన్ని పిలిపించి కాళ్లలో తిమ్మిరి, పాదం వేలాడటం ఉన్నాయేమో చూశాను. కొన్ని ఆర్గానోఫాస్ఫేట్‌లు రెండు మూడు వారాల తర్వాత నరాల్ని దెబ్బతీస్తాయి. ఏమీ లేదు. మొదటి రోజు మామూలులో పదో వంతు ఉన్న కోలినెస్టెరేజ్ ఆరో వారానికి మామూలుకి దగ్గరగా వచ్చింది. నడుముకి కొత్త ఎర్రతాడు ఉంది.

వెళ్లేముందు ఆవిడ ఆగి అడిగింది. "బాబూ, ఆ జెల్లు ట్యూబు ఇంకా సగం ఉంది. నా మోకాళ్లకి రాసుకోవచ్చా, పారేయాలా?"

ఆ ట్యూబు ఆ రోజు వీపు రుద్దిన చేతులతోనే పట్టుకున్నది కాబట్టి పారేసి, కొత్తది కొనుక్కోమన్నాను. మోకాళ్లకి అది మంచి మందేనని, పొలంలో ఆయన మందు కొట్టి వచ్చిన రోజు మాత్రం ఆయన ఒంటికి రాయొద్దని చెప్పాను. తల ఊపి, చీటీ మీద ఆ పేరు మళ్లీ రాయించుకుని వెళ్లింది.